పదో విస్తరి

టూంగాబీలో ఉదయలక్ష్మి గారి వంటింట్లో, పొయ్యి పక్కన కొక్కేనికి ఒక చెక్క గరిటె రెండేళ్లపాటు వేలాడింది. పులిహోర కలిపీ కలిపీ దాని మొహమంతా పసుపెక్కింది. పట్టుకునే చోట మాత్రం నల్లసిరాతో ఇంగ్లీషు పేర్లు వరసగా రాసి ఉండేవి. అన్నిటికంటే కింద, కొంచెం కొత్తగా, "ఉదయా" అని రెండుసార్లు. ఇంటికొచ్చినవాళ్లు "గరిటె మీద పేర్లేంటండీ?" అంటే ఆవిడ నవ్వేసి, "మా ల్యాబులో ఇచ్చారమ్మా, పెద్ద కథ" అనేవారు.

ఆవిడది ఆచంట దగ్గర ఒక చిన్న ఊరు. పదో తరగతి దాకా అక్కడి బళ్లోనే చదివారు. లెక్కల మాస్టారు చింతపిక్కలతో ఎక్కాలు నేర్పేవారట. పిక్కల్ని నాలుగేసి చొప్పున, చూడకుండా, వేళ్లతోనే లెక్కపెట్టడం అప్పుడు అలవాటైంది. ఆ అలవాటే తర్వాత అన్నం పెట్టింది. వెస్ట్‌మీడ్‌లో ఒక పెద్ద ల్యాబులో ఆవిడ పదమూడేళ్లుగా పనిచేస్తున్నారు. రక్తం పూసిన గాజుపలకని మైక్రోస్కోపు కింద పెట్టి, తెల్లకణాలు ఏ రకానివి ఎన్ని ఉన్నాయో వంద దాకా ఒక్కొక్కటే లెక్కపెట్టాలి. యంత్రానికి అనుమానం వచ్చిన పలకలన్నీ ఆవిడ బల్ల మీదికే వస్తాయి. ప్రతి పలకా పెట్టేముందు "రామా" అని పెదవులు కదుపుతారు. ఎవరి రక్తమో, ఏ ఇంట్లో ఎదురుచూస్తున్నారో అని.

ల్యాబు భోజనాల గదిలో రెండు బల్లలున్నాయి. కిటికీ దగ్గర పెద్దది, ఫ్రిజ్ పక్కన చిన్నది. పదేళ్లు ఆవిడ చిన్న బల్ల దగ్గరే తిన్నారు. ఎవరూ అక్కడికి పొమ్మనలేదు. పెద్ద బల్ల దగ్గర మాటలన్నీ ఆటల మీద నడిచేవి. "ఎవరు గెలిచారు?" అని అడగడం దాకా ఆవిడకి చేతనయ్యేది. ఆ తర్వాత ఏమడగాలో తోచేది కాదు. అక్కడివాళ్లు చెడ్డవాళ్లు కారు. ఈవిడ మాంసం తినరని తెలిసి, ట్రిష్ అనే ఆవిడ మైక్రోవేవులో గిన్నెల మీద బోర్లించే మూత కొత్తది కొనుక్కొచ్చింది. దాని మీద ఆకుపచ్చ చుక్క పెట్టి, "ఇది నీ ఒక్కదానిదే" అని చెప్పింది. అడక్కుండానే చేసింది. అయినా, మనసు మంచిదవడం వేరు, మాట కలవడం వేరు.

మూడేళ్ల కిందట ఒక ఫిబ్రవరి రోజున గ్లెన్ తన టీ కప్పు పట్టుకుని చిన్న బల్ల దగ్గరికి వచ్చాడు. గ్లెన్ ఆ విభాగానికి పెద్ద. అరవై దాటినవాడు, మోకాళ్లు బాగాలేనివాడు, మాట తక్కువ.

"ఉదయా, మా బేస్‌బాల్ లీగులో ఒకతను పెర్త్ వెళ్లిపోయాడు. పదోమనిషి కావాలి. నువ్వు రోజంతా లెక్కపెడతావుగా, రా."

"నాకు బేస్‌బాల్ తెలియదండీ."

"మాకూ తెలియదు. తెలిసినట్టు మాట్లాడతాం, అంతే."

ఆ లీగులో మైదానం లేదు, పందెం లేదు. అమెరికాలో ఆడే ఆటగాళ్లని ఇక్కడ పదిమంది బల్ల చుట్టూ కూర్చుని పంచుకుంటారు. ఒకరు తీసుకున్నవాణ్ని ఇంకొకరు తీసుకోకూడదు. ఆ పంచుకునే రోజుని డ్రాఫ్టు అంటారు. అక్కడ వాళ్లు నిజంగా ఆడినదానికి ఇక్కడ పాయింట్లు వస్తాయి. మార్చి చివర మొదలై సెప్టెంబరు చివరికి ముగుస్తుంది. వాళ్ల సాయంత్రం ఆటలు మనకి పొద్దున టీ వేళకి వస్తాయి కాబట్టి, పెద్ద బల్ల దగ్గర ఏడాదిలో సగం రోజులు అదే కబురు.

మొదటి ఏడు ఉదయలక్ష్మి గారు ఎవరినీ అడగలేదు. దేవదూతలు అని పేరు పెట్టుకున్న జట్టు ఒకటి, పాద్రీలు అని పేరు పెట్టుకున్న జట్టు ఒకటి జాబితాలో కనిపించాయి. ఏ మతమైతేనేం, దేవుడి మనుషులు కదా అని ఆ రెండు జట్లలో నుంచే అందరినీ ఏరుకున్నారు. ఆ జట్లకి సెలవైన రోజు ఆవిడ కాగితం మీద అన్నీ సున్నాలే.

సెప్టెంబరు ఆఖర్న గ్లెన్ లేచి, చప్పట్ల మధ్య ఒక చెక్క గరిటె ఆవిడ చేతికిచ్చాడు. అందరూ ఈలలు వేశారు. తను అప్పుడప్పుడూ పులిహోర తెచ్చిపెడుతున్నందుకు బహుమతి ఇచ్చారనుకుని ఆవిడ కళ్లు చెమర్చాయి. ఇంటికి తీసుకెళ్లి, కడిగి, పసుపూ కుంకుమా పెట్టారు. కొద్దిరోజులకి దేవీ నవరాత్రులు వచ్చాయి. ఆ గరిటెతోనే అమ్మవారికి పులిహోర కలిపి, ప్రసాదం ల్యాబుకి పట్టుకెళ్లారు. అందరూ రెండేసిసార్లు పెట్టించుకుని తిన్నారు. ఎవరూ ఒక్క మాట అనలేదు.

అసలు సంగతి చెప్పినవాడు బాలమురళి. నల్లగొండ నుంచి వచ్చి పెండిల్ హిల్‌లో ఉంటూ, మరుసటేడు ల్యాబులోనూ, ఒక కుర్చీ ఖాళీ అయితే లీగులోనూ చేరాడు. నలభై ఏళ్లవాడు, నోరు ఆగనివాడు.

"అక్కా, నీకు ఎవ్వరు చెప్పలేదా? ఈ దేశంల ఆఖరికొచ్చినోళ్లకు కట్టె గరిటె ఇస్తరు. అది ప్రైజ్ గాదే తల్లీ, మర్యాదగ ఎక్కిరించుడు."

ఆవిడ మొహం చిన్నబోయింది. "అయ్యో, మరి దాంతో అమ్మవారికి నైవేద్యం కలిపానే!"

"అమ్మవారికేమన్న ర్యాంకులుంటయా అక్కా?"

ఆ మాటకి ఆవిడకి నవ్వాగలేదు. సాయంత్రం ట్రిష్‌ని పట్టుకుని అడిగారు, "నాకెందుకు చెప్పలేదు?" అని.

ట్రిష్ చెవులదాకా ఎర్రబడింది. "నువ్వు దాన్ని అంత సంతోషంగా పట్టుకెళ్లావు, చెప్పబుద్ధి కాలేదు. పైగా ఆ అన్నం... చెప్పేస్తే మళ్లీ తెస్తావో తేవోనని."

రెండో ఏడూ ఆవిడే ఆఖరు. ఈసారి పెద్దపెద్ద పేర్లు వెతికి, బంతిని మైదానం దాటించేవాళ్లందరినీ పోగుచేశారు. మిగతా స్థానాలకి వచ్చేసరికి ఎవరూ మిగల్లేదు. "పాయసం నిండా పోసుకుని విస్తట్లో అన్నం లేకుండా కూర్చున్నావు" అన్నారు భర్త ఉపేంద్ర గారు. ఆయన కరెంటు కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పుడు పెరట్లో గోంగూరకి నీళ్లు పోయడమూ, భార్యని ఆటపట్టించడమూ ఆయన పని.

మూడో ఏడు నవ్వులాట కాకుండా పోయింది. లీగు నియమాలు తెల్లబోర్డు మూలన గ్లెన్ ఎప్పుడో రాసిపెట్టాడు. బేస్‌బాల్‌లో మూడు తప్పులైతే ఆటగాడు బయటికి పోతాడు. అలాగే, వరసగా మూడేళ్లు గరిటె వచ్చినవాళ్ల కుర్చీ వేరేవాళ్లకి వెళ్తుంది. పై అంతస్తులో మైక్రోబయాలజీ విభాగం నుంచి ఒకమ్మాయి ఆ కుర్చీ కోసం రెండేళ్లుగా అడుగుతోంది కూడా.

"ఆ నియమం చెరిపేద్దాం గ్లెన్" అంది ట్రిష్.

గ్లెన్ ఏదో అనబోయేలోపే ఉదయలక్ష్మి గారు తల అడ్డంగా ఊపారు. "వద్దు ట్రిష్. నా కోసం నియమం చెరిపితే నేను ఆ కుర్చీలో ముళ్లమీద కూర్చున్నట్టే ఉంటుంది."

అన్నారు గానీ, ఆ రోజు రైల్లో ఇంటికొస్తూ కిటికీవైపు తిరిగి కూర్చున్నారు. గరిటె గురించి ఆవిడకి బెంగ లేదు. కుర్చీ గురించే బెంగ. ఈ రెండేళ్లలో పెద్ద బల్ల దగ్గర ఆటతో మొదలైన మాటలు ఎక్కడెక్కడికో వెళ్లాయి. ట్రిష్ వాళ్లమ్మకి మతిమరుపు వచ్చిన సంగతి, గ్లెన్ కుర్రతనంలో బ్లాక్‌టౌన్ జట్టులో ఆడి మోకాళ్లు పోగొట్టుకున్న సంగతి, తను మేనకోడలి పెళ్లికి వెళ్లలేకపోయిన సంగతి అన్నీ అక్కడే చెప్పుకున్నారు. ఆట లేకపోతే రేపు ఏ మాటతో మొదలుపెట్టాలి? మళ్లీ ఫ్రిజ్ పక్క చిన్న బల్లే.

డ్రాఫ్టుకి వారం ముందు వరస కోసం చీట్లు వేశారు. సీసా మూతల కింద అంకెలు రాసి గిన్నెలో కలిపారు. బాలమురళికి మూడు వచ్చింది. గ్లెన్‌కి ఎనిమిది. ఉదయలక్ష్మి గారి మూత తిప్పితే పది.

ఇంటికొచ్చి పెసరపప్పు పొయ్యి మీద పెడుతూ భర్తతో చెప్పుకున్నారు. "పదో నంబరండీ. తొమ్మిదిమంది ఏరుకున్నాక నాకు."

"రెండో చుట్టు కూడా నీకే ఆఖరా?"

"కాదు. పాములా మెలిక తిరుగుతుందిట. మొదటి చుట్టులో ఆఖరువాళ్లే రెండో చుట్టులో మొదలు."

ఆ మాట తన నోటి నుంచే వచ్చేసరికి ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

చిన్నప్పుడు శ్రీరామనవమి పందిట్లో వడ్డన పెద్ద శ్రీపతి మావయ్య. పంచె ఎగ్గట్టి, భుజాన తువ్వాలుతో, పందిరి ఈ చివర నుంచి ఆ చివరకి కేకలేస్తూ తిరిగేవాడు. "పప్పు ఈ చివర మొదలెట్టారా? అయితే కూర ఆ చివర మొదలెట్టాలి! ఆఖరి విస్తరివాడికి తను ఆఖరని తెలియకూడదురా!" వడ్డన మొదలయ్యే ముందు మావయ్య ఇంకో పని చేసేవాడు. విస్తళ్లు లెక్కపెట్టి, వంటశాలలోకి వెళ్లి ఏ పదార్థం ఎంతుందో చూసుకునేవాడు. "అన్నం ఎక్కడికీ పోదు. గారెలు చూసుకోండి ముందు. తక్కువున్నదాని మీద కన్నుండాలి."

"ఏంటోయ్, పప్పు అడుగంటుతోంది!" అన్నారు ఉపేంద్ర గారు.

"ఉండండీ, గారెలు లెక్కపెడుతున్నాను."

"గారెలెక్కడున్నాయి?" అని ఆయన ఆశగా వంటింట్లోకి తొంగిచూశారు.

ఆ వారమంతా సాయంత్రాలు ఆవిడ జాబితాలు ముందేసుకుని పలకలు చూసినట్టు చూశారు. ఆటగాళ్ల పేర్లు నోరు తిరగక, ఆ ఇంగ్లీషు పేర్ల పక్కన తనకి తోచిన పేర్లు రాసిపెట్టుకున్నారు. మైదానం దూరపు అంచుల్లో నిలబడేవాళ్లు అన్నం లాంటివాళ్లు. ఎంతమంది తీసుకున్నా ఇంకా ఉంటారు. బంతి విసిరేవాడికి ఎదురుగా, కొట్టేవాడి వెనకాల గొంతుక్కూర్చుని బంతి పట్టేవాళ్లున్నారే, క్యాచర్లు, వాళ్లలో బాగా కొట్టేవాళ్లు నలుగురే. పది విస్తళ్లకి నాలుగే గారెలు. రెండేళ్లుగా ఆవిడ ఆ గారెల జోలికి ఆఖర్న వెళ్లారు.

ఇంకోటి కూడా కనిపెట్టారు. గ్లెన్ రాసిన నియమాల్లో బంతిని కొట్టినందుకు ఒక పాయింటైతే, నడకకీ ఒక పాయింటే. విసిరేవాడు నాలుగుసార్లు బంతిని పక్కకి వేస్తే, కొట్టేవాడు తొందరపడి బ్యాటు ఊపకుండా ఊరుకుంటే చాలు. ఉత్తినే మొదటి మెట్టుదాకా నడిచి వెళ్లొచ్చు. అదే నడక. అది చూడ్డానికి బాగోదు కాబట్టి దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరు. అలా నడిచేవాళ్లలో ఒకతను ఆవిడకి బాగా నచ్చాడు. ఎంత కవ్వించినా బ్యాటు భుజం మీంచి దించకుండా తాపీగా నిలబడతాడు. ఆవిడ కాగితంలో అతని పేరు తాపీ మేస్త్రి.

"నీ ఆటగాళ్లకి భోజనాలయ్యాయా?" అని ఉపేంద్ర గారు రోజూ అడిగేవారు.

"తాపీ మేస్త్రికి ఆకలి తక్కువండీ, ఆగుతాడు."

ఉగాది ముందు శుక్రవారం, సాయంత్రం నాలుగింటికి డ్రాఫ్టు. భోజనాల గదిలో పదిమందీ కూర్చున్నారు. ఒక్కొక్కరికీ తొంభై సెకన్లు. గుడ్లు ఉడికించడానికి పెట్టుకునే చిన్న గడియారం ట్రిష్ చేతిలో ఉంది.

ఉదయలక్ష్మి గారి కాగితంలో పైన రెండు పేర్లకి సున్నా చుట్టి ఉంది. పదో వంతుకి మేలైన క్యాచర్. వెంటనే పదకొండో వంతూ తనదే కాబట్టి, దానికి ఎడమచేత్తో బంతి విసిరేవాడొకడు. వయసు మీరినవాడు, అయినా నిరుడు లీగులో అందరికంటే ఎక్కువ పాయింట్లు తెచ్చినవాళ్లలో ఒకడు. ఆవిడ అతనికి పెట్టుకున్న పేరు తాతగారు. ముసలివాడని మిగతావాళ్లు అతన్ని వదిలేస్తారని ఆవిడ అంచనా.

వరస ఎనిమిదికి వచ్చింది. గ్లెన్ ఇంకెవరినో తీసుకున్నాడు. తాతగారిని తీసుకోలేదు. ఆవిడకి ఆశ్చర్యమేసింది. ఎందుకంటే గ్లెన్ లాకరు తలుపు లోపల పన్నెండేళ్లుగా ఆ తాతగారి ఫొటోనే ఉంది. అప్పుడర్థమైంది. ముసలివాణ్ని ఎవరూ ముట్టుకోరని, మెలిక తిరిగి తన వంతు మళ్లీ వచ్చేసరికి దొరుకుతాడని గ్లెన్ నమ్మకం. అది పదమూడో వంతు. మధ్యలో ఉన్నది తనూ, తొమ్మిదో ఆయనా.

పదో వంతుకి ఆవిడ క్యాచర్ పేరు చెప్పారు. బల్ల చుట్టూ "ఓహో" అన్నారు. మొదటి చుట్టులో క్యాచర్‌ని ఎవరు తీసుకుంటారు?

"ఇంకోటి, ఉదయా. తొంభై సెకన్లు" అంది ట్రిష్.

ఆవిడ కాగితం చూసుకున్నారు. తలెత్తి గ్లెన్‌ని చూశారు. గ్లెన్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తున్నాడు. అవి శుభ్రంగానే ఉన్నాయి. క్రిస్మస్‌కి అతను రిటైరవుతున్నాడని అందరికీ తెలుసు. ఇది అతని ఆఖరి డ్రాఫ్టు.

పక్కనుంచి బాలమురళి తెలుగులో గొణిగాడు. "అక్కా, నీ కాయితం మీద ఉన్నోణ్ని అను. మొహమాటపడకు. గీ మొహమాటంతోనే మనోళ్లు సగం దేశం పోగొట్టుకున్నరు."

"ఉండు తమ్ముడూ."

"ఉండుడేంది, ముప్పై సెకన్లున్నయ్!"

తాతగారి పేరు చెప్తే, పందిట్లో పక్కవాడి ఖాళీ విస్తరి వైపు చూస్తూ ఆఖరి గారె అందుకున్నట్టవుతుందనిపించింది ఆవిడకి. గొంతు సవరించుకుని తాపీ మేస్త్రి పేరు చెప్పారు.

బాలమురళి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. తొమ్మిదో ఆయన ఇంకెవరినో అన్నాడు. గ్లెన్ ఎంత తొందరగా తాతగారి పేరు చెప్పాడంటే ట్రిష్ గడియారం తిప్పడం కూడా మరిచిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఉపేంద్ర గారు విని, "కుర్చీ పోతుందని నెలరోజులు బెంగపెట్టుకున్నావు. చేతికొచ్చినదాన్ని వదిలేశావు" అన్నారు.

"నోరు రాలేదండీ."

"నోరు రాలేదా, మనసొప్పలేదా?"

ఆవిడ ఆయనకి పెరుగు వేశారు.

ఆటలు మొదలయ్యాయి. ఏప్రిల్, మే బాగానే గడిచాయి. క్యాచర్ గారెలా కరకరలాడాడు. తాపీ మేస్త్రి రోజుకొక నడక, ఒక్కోరోజు రెండు. ఎప్పుడూ ఎక్కువ కాదు, ఎప్పుడూ సున్నా కాదు. ఆవిడ ఆరో స్థానంలో ఉన్నారు. పొద్దున టీ వేళకి గ్లెన్ "మా ముసలాయన ఇవాళ విసురుతున్నాడు" అంటూ చిన్నపిల్లాడిలా ఫోను చూపించేవాడు.

జూన్‌లో ఒక పొద్దున గ్లెన్ తన సాండ్‌విచ్ విప్పకుండా కూర్చున్నాడు.

"మోచెయ్యి. ఆపరేషనట. ఈ ఏడాదికి అయిపోయింది" అన్నాడు.

ఎవరూ వేళాకోళం చెయ్యలేదు. ఉదయలక్ష్మి గారు తన డబ్బాలో నిమ్మకాయ పులిహోర సగం అతని పళ్లెంలో పెట్టారు. ఇంటికొచ్చి భర్త దగ్గర కళ్లు తుడుచుకున్నారు. "నేను వదిలేశాననే కదండీ ఆయన తీసుకున్నారు. నా దగ్గరికి రావలసిన దెబ్బ ఆయనకి తగిలింది."

"అక్కడెక్కడో ఆయన మోచెయ్యి నీ మొహమాటం వల్ల విరిగిందంటావా? ఇదిగో, ఈ కాఫీ తాగు" అన్నారు ఉపేంద్ర గారు. కాఫీలో పంచదార రెండు చెంచాలు ఎక్కువే వేశారు. ఆయన ఓదార్పు ఎప్పుడూ అలాగే ఉంటుంది.

గ్లెన్ జట్టు జారుతూ వచ్చి ఆఖరికి చేరింది. ఆగస్టులో ఆవిడ క్యాచర్ వేలికి దెబ్బ తగిలి ఆరు వారాలు కూర్చున్నాడు. అతనితోపాటు ఆవిడా జారారు. సెప్టెంబరు ఆఖరి ఆదివారానికి తొమ్మిదో స్థానంలో ఉదయలక్ష్మి గారు, పదో స్థానంలో గ్లెన్. మధ్యలో ఐదు పాయింట్లే తేడా. సమానమైతే గరిటె ఎవరి దగ్గరుందో వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. అదీ బోర్డు మీద రాసే ఉంది.

అమెరికాలో ఆదివారం మధ్యాహ్నపు ఆటలు ఇక్కడ సోమవారం తెల్లవారేసరికి నడుస్తాయి. నవరాత్రులు. ఆవిడ తలస్నానం చేసి, అమ్మవారికి పులిహోర నైవేద్యం పెట్టి, పెద్ద డబ్బాలో సర్దారు. గరిటెని చింతపండుతో తోమారు. పసుపు పోలేదు. గెలిచినా ఓడినా ఇవాళ దాన్ని పట్టుకెళ్లాలి. దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు గానీ ఏం అడగాలో తోచలేదు. గ్లెన్ ఓడిపోవాలని అడగడానికి మనసు రాదు. "అందరినీ చల్లగా చూడు తల్లీ" అని ఊరుకున్నారు.

ఏడుంబావుకి ఉపేంద్ర గారు స్టేషను దగ్గర దింపుతూ, "ఓడిపోతే ఏం చేస్తావ్?" అన్నారు.

"చిన్న బల్ల దగ్గర తింటానండీ. ఇదివరకు తినలేదా?" అని నవ్వారు. ఆ నవ్వు కారు తలుపు వేసేదాకా నిలిచింది.

రైలెక్కాక ఫోను తీశారు. గ్లెన్ ఆటగాళ్లందరి ఆటలూ ముగిశాయి. ఆఖరి రోజు వాళ్లు బాగా ఆడారు. ఇద్దరూ సరిసమానం. ఆవిడకి మిగిలింది ఒకే ఆట, ఒకే మనిషి. తాపీ మేస్త్రి.

పెండిల్ హిల్‌లో బాలమురళి ఎక్కి, ఆయాసపడుతూ పక్కన కూలబడ్డాడు. "ఏమైంది అక్కా?"

"సమానం. ఒక్కటొస్తే చాలు. ఇప్పుడే బ్యాటు పట్టుకున్నాడు."

ఫోనులో ఆట కనపడదు, చుక్కలే. పక్కకి పోయిన బంతికి పచ్చచుక్క, కొట్టలేకపోతే ఎర్రచుక్క. నాలుగు పచ్చలైతే నడక, మూడు ఎర్రలైతే ఔటు. మొదట ఎరుపు. తర్వాత పచ్చ. పచ్చ. మళ్లీ ఎరుపు.

"కొట్టరా నాయనా, కొట్టు!" అన్నాడు బాలమురళి. ఎదురు సీటులో ఒళ్లో పిల్లల బ్యాగు పెట్టుకున్న ఒకావిడ తలెత్తి చూసింది.

"కొట్టమనకు తమ్ముడూ. అతని పని అది కాదు."

పచ్చ. మూడు పచ్చలు, రెండు ఎర్రలు. వెంట్‌వర్త్‌విల్‌లో రైలు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. చుక్క కదల్లేదు. ఆవిడ చింతపిక్కలు పట్టుకున్నట్టు వేళ్లు ముడుచుకుని కూర్చున్నారు. రైలు కదిలింది.

పచ్చ.

"నడక!" అని బాలమురళి లేచి నిలబడ్డాడు. "కొట్టనే లేదు అక్కా! ఉత్తగ నిలబడ్డడు!"

"అలా నిలబడటం తేలికనుకున్నావా?" అన్నారు ఆవిడ. ఎదురు సీటావిడకి ఏమీ అర్థం కాకపోయినా, మంచిదేదో జరిగిందని చూసి నవ్వి బొటనవేలు ఎత్తింది.

ల్యాబులో గ్లెన్ అప్పటికే బోర్డు మీద ఆఖరి అంకెలు రాసేశాడు. తన పేరు అన్నిటికంటే కింద, తన చేత్తోనే. భోజనాల వేళకి ఆవిడ సంచిలోంచి గరిటె తీసి రెండు చేతులతో అతనికిచ్చారు.

"మీకు ఒక మాట చెప్పాలి. ఆ రోజు నా కాగితంలో..."

"నాకు తెలుసు" అన్నాడు గ్లెన్. "నీ కాగితం మీద అతని పేరు చుట్టూ సున్నా చుట్టి ఉంది. నా కళ్లద్దాలు దూరం బాగానే చూస్తాయి."

ఆవిడ పులిహోర డబ్బా మూత తీసి, మళ్లీ పెట్టేశారు.

"ఏప్రిల్, మే. రెండు నెలలు. పొద్దున లేవగానే ఆయన నా జట్టులో ఉన్నాడు కదా అనుకునేవాణ్ని. ఆ రెండు నెలలకి ఈ గరిటె చవకే, ఉదయా." గరిటెని తిప్పి చూశాడు. వాసన చూశాడు. "దీంతో నా ఓట్స్ కలుపుకుంటే ఏ రుచి వస్తుందో మరి."

"ఇంగువ రుచి" అంది ట్రిష్. గదంతా నవ్వింది.

"ముందు మీ పేరు రాయండి. ఆ తర్వాత ఒక్కసారి ఇటివ్వండి, వడ్డించాలి" అన్నారు ఉదయలక్ష్మి గారు.

ఎప్పుడూ ఆవిడ వడ్డన కిటికీ వైపు చివర నుంచి మొదలయ్యేది. ఇవాళ బల్ల రెండో చివర కూర్చున్న గ్లెన్ దగ్గర మొదలుపెట్టారు. పల్లీలు ఎక్కువ పడేలా అడుగు నుంచి తీసి పెట్టారు. మైక్రోబయాలజీ అమ్మాయి కూడా వాసన పట్టుకుని కిందికి వచ్చింది. క్రిస్మస్ తర్వాత గ్లెన్ కుర్చీ తనదేనట. ఆమె పళ్లెంలోనూ రెండు గరిటెలు పడ్డాయి.

అందరికీ పెట్టి తన చోటికి వచ్చేసరికి, ఆవిడ కుర్చీ మీద నీలం కార్డిగన్ ఒకటి పరిచి ఉంది.

"ఇదెవరిది?"

"నాదే" అంది ట్రిష్ నోట్లో ముద్దతో. "నీ చోట ఎవరూ కూర్చోకుండా పొద్దున వేశాను."

"ఎప్పుడు?"

"వచ్చీరాగానే. ఇవాళ నాది ఆరింటి డ్యూటీ కదా."

ఆరింటికి ఆటలు ఇంకా సగంలోనే ఉన్నాయి. ఉదయలక్ష్మి గారు ట్రిష్ వైపు చూశారు. ట్రిష్ పులిహోరలో మిరపకాయ వెతుక్కుంటోంది. ఆవిడ కార్డిగన్ తీసి, నెమ్మదిగా మడిచి, కుర్చీ వీపుకి వేసి కూర్చున్నారు.

అటు చివర నుంచి గ్లెన్ అడిగాడు, "ఉదయా, చింతపండు ఎంతసేపు నానబెట్టాలి?"